దీవి చుట్టూ వదిన

ఆ ఏడాది వానలు తెరిపిచ్చి, సముద్రం మళ్లీ పచ్చగా తేరుకుంటున్న రోజుల్లో మా అన్నయ్య టూరు వ్యానును సొంత ఇంటి గోడకు గుద్దాడు. అదీ పట్టపగలు, ఎండ ఫెళ్లున కాస్తుండగా. ఆ సందులోంచి ఆ వ్యానును కళ్లు మూసుకుని కూడా లోపల పెట్టగలడని పేరున్న మనిషి. చప్పుడు విని నేనూ వదినా పరుగెత్తుకొచ్చేసరికి కిందకు దిగి, ఊడిన పెచ్చు చేత్తో పట్టుకుని, గోడ వంక గుర్రుగా చూస్తున్నాడు.

"ఇంత ముందుకెప్పుడొచ్చిందిరా ఇది?" అన్నాడు నాతో.

నేను నవ్వాను. వదిన నవ్వలేదు. ఆవిడ అన్నయ్యకు ఎడం పక్కన వచ్చి నిలబడి, చెయ్యెత్తి, వేళ్లు ఆడించింది. అన్నయ్య గోడనే చూస్తున్నాడు. ఆ వేళ్లు చెవి దగ్గర్నుంచి కణత దగ్గరికి, కణత దగ్గర్నుంచి కంటి ముందుకు వచ్చాయి. అప్పుడు ఉలిక్కిపడ్డాడు.

"ఏంటే ఆ ఆటలు?"

"చెప్పులేసుకోండి. కంటి డాక్టరు దగ్గరికెళ్దాం," అంది వదిన.

డాక్టరు గదిలో అన్నయ్య గడ్డాన్ని ఏదో మెషీను మీద ఆనించి చాలాసేపు చూశారు. చివరికి డాక్టరు తన బల్ల మీదున్న కాగితాన్ని గొట్టంలా చుట్టి అన్నయ్య చేతికిచ్చాడు. "ఇందులోంచి చూడండి. మీ రెండు కళ్లూ ఇప్పుడు ఇలా చూస్తున్నాయి. ఎదర ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కలు పోయాయి. ఒక్కరోజులో పోలేదు, కాస్త కాస్తే పోతూ వచ్చాయి, అందుకే మీకు తెలీలేదు."

"చుక్కల మందేస్తే వస్తాయా?"

"మిగిలింది నిలబెట్టుకోడానికే మందు. పోయింది రాదు. నిలబడేది కూడా ఎన్నాళ్లో నేను మాటివ్వలేను."

అన్నయ్య ఆ గొట్టాన్ని విప్పి, చేత్తో సాపు చేసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "మరి బండి?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అన్నయ్య ఇంకోసారి అడగలేదు.

మాది దీవి చుట్టూ తిప్పి చూపించే పని. రేవులో పడవ దిగిన వాళ్లని వ్యానెక్కించుకుని, లైట్‌హౌసు కొన, నీలి మడుగు, దాల్చినచెక్క తోటలున్న కొండ, జలపాతం, నల్లిసక తీరం, ఇలా దీవంతా ఒక చుట్టు చుట్టి నాలుగోరోజు సాయంత్రానికి మళ్లీ రేవులో దింపుతాం. మా నాన్న పోయేనాటికి నేను నిక్కర్లలో ఉన్నాను. అన్నయ్య ఆ వ్యాను తోలి నన్ను చదివించాడు, పెద్దయ్యాక చేతికి మైకిచ్చి గైడును చేశాడు. అప్పట్నుంచి నన్ను 'రేడియో' అని పిలవడం కూడా తనే మొదలుపెట్టాడు. "మా రేడియోకి కట్టేసే మీట లేదండీ" అని ప్రతి టూరులోనూ గెస్టులకు చెప్పి నవ్వించేవాడు. వదిన ఇంటి దగ్గరుండి, దారిలో తినడానికి అన్నాలు కట్టి, సీటు కవర్లు ఉతికి, తిరిగొచ్చేసరికి మా ఇద్దరి గొంతులకీ వేణ్నీళ్లు సిద్ధంగా ఉంచేది.

ఆ సాయంత్రం వంటింట్లో ముగ్గురం పీటలేసుకుని కూర్చున్నాం. కంచాల్లో అన్నం చల్లారిపోతోంది. వారం తిరక్కుండా సీజన్లో మొదటి టూరు ఉంది. డ్రైవర్లందరినీ పెద్ద బస్సు కంపెనీ వానాకాలంలోనే మాట్లాడి పెట్టేసుకుంది. ఇక నా సంగతి చెప్పాలంటే, ఒక్కసారి నేర్చుకుందామని కూర్చుని వ్యానును మురిక్కాలవలో దింపాను. దాన్ని పైకి లాగడానికి వీధి వీధంతా రావాల్సొచ్చింది.

"ఈ సీజనుకి మానేద్దాం," అన్నాడు అన్నయ్య.

"మానేస్తే రేవులో మన వంతు బస్సు వాళ్లకి పోతుంది. మళ్లీ ఏడు అడిగితే ఎవడిస్తాడు?" అన్నాను.

"పోతే పోనీరా!"

వదిన కూర గిన్నె మా మధ్యకు జరిపి, "నేను తోల్తాను," అంది, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

వదిన పుట్టింటివాళ్లకు ఐసు లారీ ఉండేది. ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు చేపల రేవులకి చేరవేసేవాళ్లు. వాళ్ల నాన్నకు నడుం పట్టేస్తే ఈవిడే లారీ ఎక్కేది. పెద్ద బళ్ల లైసెన్సుంది. గడువు వచ్చినప్పుడల్లా వెళ్లి పొడిగించుకుని వచ్చేది. "ఇప్పుడెందుకే నీకది?" అని అన్నయ్య అంటే, "గొడుగులాగా ఇంట్లో ఉండనీయండి" అనేది. ఆ మాటకి మేమిద్దరం చాలాసార్లు నవ్వుకున్నాం.

"ఐసు దిమ్మలు వాంతులు చేసుకోవు," అన్నాడు అన్నయ్య. "ఇది మనుషుల బండి. కొండ దారి."

"మనుషులైతే కరిగిపోరు కదా. ఐసుతో అయితే మలుపులో నెమ్మదిగా పోడానికీ లేదు, ఆగడానికీ లేదు."

నాకు పొలమారింది. అన్నయ్య కంచం ముందునుంచి లేచాడు. వదిన "కూర్చోండి" అంది. అంతే. ఆయన నిలబడి కాసేపు దిక్కులు చూసి, మళ్లీ కూర్చుని, చల్లారిన అన్నం చివరిదాకా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే వదిన వ్యాను సీట్లలో ఇసక బస్తాలు వేయించింది, సీటుకొకటి. నన్ను ఎక్కమంది.

"నేనెందుకు వదినా?"

"నువ్వు మైకులో మామూలుగా వాగుతూ ఉండు. ఆ గోలలో తోలడం కూడా నాకలవాటు కావాలి."

ఆ విధంగా నేను నా జీవితంలో మొట్టమొదటిసారి ఇసక బస్తాలకు దీవి చరిత్ర చెప్పాను. "మీ కుడివైపు చూడండి" అంటే ఒక్క బస్తా తల తిప్పలేదు. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. బండాగింది. ఎక్కి ముందు సీట్లో వదిన పక్కన కూర్చున్నాడు. ఆ కూర్చోడం సీజను సగం దాకా అక్కణ్నుంచి లేవలేదు.

*

రేవు ఏజెంటుకి మెడలో ఈల, చంకలో గొడుగు ఎప్పుడూ ఉండేవి. మా వ్యాను ఎవరు తోల్తున్నారో చూసి ఈల ఊదబోయినవాడల్లా ఆగిపోయాడు. నన్ను పక్కకు లాక్కెళ్లాడు.

"మీ అన్నయ్య పరిస్థితి విన్నాను, పాపం. కానీ గెస్టులు గొడవ చేస్తే పోయేది నా పేరు. ఒక్క ఫిర్యాదొచ్చిందా, మీ వంతు తీసి బస్సుకిచ్చేస్తా. తర్వాత నన్ననొద్దు."

గెస్టుల్లో మీసాలాయన ఒకడు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఆగాడు. "డ్రైవరేడీ?"

"నేనేనండీ," అంది వదిన.

"ఈ బండిని ఆ కొండెక్కించగలవా అమ్మా?"

"మొన్ననే ఎక్కించి దింపుకొచ్చానండీ. కొండకేం కాలేదు."

వెనకున్న వాళ్లు గొల్లుమన్నారు. ఆయన మీసం కింద నవ్వు దాచుకుని ఎక్కి కూర్చున్నాడు.

ఆ మొదటి టూరులో నా తల ప్రాణం తోకకొచ్చిందంటే అది వదిన తోలడం వల్ల కాదు. అన్నయ్య వల్ల. నేను మైకులో తోటల గురించి చెబుతుంటే పక్కనుంచి "సెకండ్ వెయ్యి... వెయ్యి సెకండు... హారన్... ఎడం పక్క గొయ్యి..." అని సాగుతూనే ఉండేది. పాదం ఖాళీ నేల మీద బ్రేకు తొక్కుతూ ఉండేది. ఒకచోట "గొయ్యి, గొయ్యి" అని గట్టిగా అరిచాడు.

"అది పూడ్చేశారండీ," అంది వదిన.

"ఎప్పుడు?"

"వానలకి ముందే. మీరు దాని మీంచే తోల్తున్నారు ఇన్నాళ్లూ."

అన్నయ్య మొహం గంటు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. వెనక సీట్లో మీసాలాయన నాకు కన్ను గీటాడు.

జలపాతం దగ్గర బండి ఆగింది. కిందికి మెట్ల దారి. గెస్టులను దింపి నేను ముందు నడుస్తున్నాను. అన్నయ్య అలవాటుగా దిగి, వ్యాను నీడలో గుడ్డ పరుచుకోబోయాడు. ఇన్నేళ్లుగా ఆయన చేసింది అదే. మేం కిందికెళ్తే ఆయన బండి దగ్గరుండి టైర్లు చూసుకుని, అద్దాలు తుడిచి, కాసేపు నడుం వాల్చేవాడు.

"మీరేం చేస్తున్నారు?" అంది వదిన.

"బండి దగ్గరుంటున్నా."

"బండి దగ్గరుండేది డ్రైవరు. మీరెళ్లండి."

"ఎక్కడికి?"

"జలపాతానికి. ఎన్నిసార్లొచ్చారు ఇక్కడికి, ఒక్కసారైనా చూశారా?"

అన్నయ్య నా వైపు చూశాడు. నిజమే. దీవి చుట్టూ ఎన్ని వందలసార్లు తిరిగాడో లెక్కలేదు. ఆయన చూసింది తారు రోడ్డు, ఎదురొచ్చే బళ్లు, పార్కింగు నేల. జలపాతం ఎలా ఉంటుందో నా మైకులోంచి విన్నాడు, అంతే.

గొణుక్కుంటూ వచ్చాడు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు ఎవరికీ తెలియకూడదని నాకేదో చెబుతున్నట్టు వంగి నడిచాడు. కింద గెస్టులు ఫొటోలు తీసుకుంటూ తడిసి ముద్దవుతున్నారు. ఆయన ఒక రాయి పక్కన నిలబడి తలెత్తాడు. అందరిలా ఒక్కసారి చూడ్డం ఆయనకు కుదరదు. పైన నీళ్లు కొండ అంచు దాటే చోట మొదలుపెట్టి, తలను కొద్దికొద్దిగా దించుతూ, తాడు పట్టుకుని దిగుతున్న మనిషిలా కిందిదాకా వచ్చాడు. మళ్లీ పైకెళ్లాడు. మళ్లీ దిగాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"నువ్వు చెప్పేటంత ఎత్తేం లేదు," అన్నాడు.

గెస్టులందరూ పైకెళ్లిపోయాక కూడా ఆయన రాలేదు. రెండుసార్లు పిలిచాను. పైన్నుంచి వదిన హారన్ కొట్టబోయి మానేసిందని తర్వాత చెప్పింది.

టూరు ముగిసి రేవులో దింపినప్పుడు మీసాలాయన ఏజెంటు దగ్గరికి నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను. ఆయన ఏజెంటుతో, "ఆ ముందు సీట్లో పెద్దమనిషిని కొంచెం నోరు మూసుకోమనండి. డ్రైవరుకు ఇబ్బందిగా ఉంది," అన్నాడు. సీజనంతటిలో మా మీద వచ్చిన ఫిర్యాదు అదొక్కటే.

*

సీజను నడుమకొచ్చింది. ఆ టూరులో మా గెస్టులు ఒకే ఆసుపత్రిలో పనిచేసి ఒకేసారి రిటైరైన నర్సులు. నా జోకులకి నాకంటే ముందే నవ్వేవాళ్లు. రెండోరోజు మధ్యాహ్నం కొండెక్కుతుండగా కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. వైపర్లు ఆడుతున్నా అద్దం మీద నీళ్లు పోసినట్టే ఉంది. మోచేయి మలుపని మేం పిలిచే చోటు దాటగానే ఎదర పెద్ద బస్సు ఎర్ర లైట్లు వెలిగించుకుని ఆగి ఉంది. దాని ముందు రోడ్డు లేదు. ఎర్రమట్టి, చెట్లు వేళ్లతో సహా, అడ్డంగా పడి ఉన్నాయి.

బస్సు డ్రైవరు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. వదినను చూసినప్పుడల్లా "ఐసు లారీ వస్తోంది, తప్పుకోండ్రోయ్" అని రేవులో నవ్వించేవాడు. ఆ పూట అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వెనక్కి పోనియ్యమ్మా! పైన మట్టి ఇంకా కదుల్తోంది. నువ్వు తప్పుకుంటే గానీ నేను కదల్లేను. నా బండి నిండా జనం."

ఆ రోడ్డు మీద బండి తిప్పడానికి చోటు లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెడల్పాటి చోటు కింద టీకొట్టు దగ్గర ఉంది. అక్కడిదాకా మలుపులన్నీ వెనక్కి దిగాలి, ఆ వానలో.

వదిన ఇంజను ఆపకుండా చేతి బ్రేకు లాగి, వెనక్కి తిరిగింది. "అమ్మా, అందరూ దిగండి. కొండ వారగా కాదు, లోయ పక్క రెయిలింగు పట్టుకుని నడుచుకుంటూ కిందికెళ్లండి. బస్సులో వాళ్లని కూడా తీసుకెళ్లండి. పిల్లలున్నారేమో చూడండి." నర్సులు కొంగులు బిగించారు. అలవాటైన పనిలా దిగి, బస్సు తలుపు దగ్గర నిలబడి ముసలివాళ్లను, పిల్లలను చేతులు పట్టి దింపి, వరసగా నడిపించుకుపోయారు.

"రేడియో, నువ్వు బండి వెనకెళ్లు. మాట్లాడకు, నాకు వినబడదు. చేతులూపు. అద్దంలో కనిపించకపోతే ఆపేస్తాను, కాబట్టి కనిపించేచోట ఉండు."

నేను దిగబోతున్నాను. అన్నయ్య ముందు సీట్లో నిటారుగా కూర్చుని ఉన్నాడు. "ఎడం పక్క..." అని మొదలుపెట్టి, ఎడం పక్క అద్దం కోసం తల తిప్పి, ముందుకు వంగి, వెనక్కి వాలి వెతికాడు. దొరకలేదు. నోరు మూశాడు.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా తల నీకు అడ్డమొస్తోందా?" అన్నాడు.

వదిన అద్దం మీంచి చూపు తిప్పకుండా, "వస్తోందండీ," అంది.

అన్నయ్య లేచాడు. సీట్ల మధ్యలోంచి తడుముకుంటూ వెనక్కి నడిచి, చిట్టచివరి సీట్లో మూలకు ఒదిగి కూర్చున్నాడు.

"దిగండి మీరు కూడా," అంది వదిన.

"నేనెందుకు దిగుతాను? పోనియ్యి."

వదిన చేతి బ్రేకు దించింది.

నేను వెనక్కి నడుస్తూ చేతులూపాను. నీళ్లు కళ్లలోకి పోతున్నాయి. వ్యాను నా మీదికి నెమ్మదిగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా వస్తోంది. మోచేయి మలుపులో వెనక చక్రం అంచు రాయిని రాసుకుంది. నేను రెండు చేతులూ ఎత్తేశాను. బండి ఆగింది. కాస్త ముందుకెళ్లింది. స్టీరింగు తిరగడం అద్దం వెనక నీడలా కనిపించింది. మళ్లీ వచ్చింది. ఈసారి చక్రానికీ అంచుకీ మధ్య నా పాదం పట్టేంత చోటుంది. నేను చేతులూపడం మర్చిపోయి నిలబడి చూస్తుంటే బండి మళ్లీ ఆగింది. కిటికీలోంచి వదిన అరిచింది. "చూసింది చాల్లే, చెయ్యూపు!"

టీకొట్టు దగ్గరకు వచ్చి ఆగేసరికి అక్కడ అప్పటికే చేరిన జనం చప్పట్లు కొట్టారు. వదిన దిగలేదు. వ్యానును వీలైనంత వెనక్కి జరిపి, బస్సుకు చోటిచ్చి, లైట్లు వెలిగించి ఉంచింది. కాసేపటికి బస్సు వెనక భాగం మలుపులోంచి కనిపించింది. అది వచ్చి ఆగాక పైన ఏదో పెద్దగా కూలిన చప్పుడైంది. అందరం ఒక్కసారి అటు చూశాం.

బస్సు డ్రైవరు దిగి వచ్చి మా వ్యాను బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "నువ్వు తిప్పిన చోటల్లా తిప్పానమ్మా. అంతకు మించి నేను చేసిందేం లేదు," అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అతని నోట ఐసు లారీ మాట రాలేదు. మిగతా డ్రైవర్లను కూడా అననిచ్చేవాడు కాదని విన్నాను.

ఆ సాయంత్రం టీకొట్టు చూరు కింద, తడిసిన చొక్కా పిండుకుంటూ అన్నయ్యను అడిగాను. "నీకు భయం వెయ్యలేదా, లోపల కూర్చుంటే?"

"దేనికిరా? నాకు కనిపించేది దాని చేతులే. చేతులు బాగానే ఉన్నాయి."

మర్నాడు పొద్దున దారి మార్చి తీరం వెంట బయల్దేరాం. ముందు సీటు ఖాళీగా ఉంది. అన్నయ్య వెనక నర్సుల మధ్య కూర్చుని వాళ్లకు తన కంటి మందు చూపిస్తున్నాడు. వాళ్లు నలుగురూ నాలుగు సలహాలిస్తున్నారు. నా మైకు పెట్టె ముందు సీట్లో పెట్టుకున్నాను.

*

ఆ తర్వాత అన్నయ్య నా పాలిట శత్రువయ్యాడు. వెనక సీట్లోంచి "ఒరేయ్ రేడియో, అది అబద్ధంరా" అని గెస్టుల ముందే అనేవాడు. నేను నీలి మడుగుకు ఏడు రంగులున్నాయని చెబితే, "దగ్గరకెళ్లి చూశాను, మూడే ఉన్నాయి" అనేవాడు. గెస్టులకు మా ఇద్దరి తగువు నా చరిత్ర కంటే బాగా నచ్చేది. బండి ఎక్కడాగినా అందరికంటే ముందు దిగేవాడు. నల్లిసకను గుప్పిటతో తీసుకుని అరచేతి మీద కంటికెదురుగా పెట్టుకుని చూసేవాడు. దాల్చినచెక్క ఒలిచే ఆడవాళ్ల ముందు గొంతుక్కూర్చుని వాళ్లు విసుక్కునేదాకా ఒలవడం చూసేవాడు. రోజూ పొద్దున వదిన ఆయన తల వెనక్కి వంచి కంట్లో చుక్కలు వేసేది. వేశాక, "ఇవాళ ఏం చూడాలో తెలుసుగా" అనేది. ఆయన కళ్లు మూసుకునే తలూపేవాడు.

రేవులో ఏజెంటు కూడా మారాడు. మా వ్యాను రాగానే ఈల రెండుసార్లు ఊది, "డ్రైవరమ్మకి దారివ్వండి" అని తనే జనాన్ని తప్పించేవాడు. కొండదారి కొత్తగా వేశాక ఎవరు ముందు వెళ్లి చూసొస్తారని రేవులో మాటొస్తే, బస్సు డ్రైవరు మా వదిన వైపే చూశాడు. ఆవిడ వెళ్లి చూసొచ్చి, ఏ మలుపులో నేల ఇంకా మెత్తగా ఉందో అందరికీ చెప్పింది. వాళ్లు చుట్టూ నిలబడి విన్నారు. నేను కొంచెం దూరంగా నిలబడి, ఆవిడ మా వదినని ఎవరికైనా చెప్పాలని చూశాను గానీ, అక్కడ ఆ సంగతి తెలియనివాళ్లు ఎవరూ లేరు.

ఆఖరి టూరులో అన్నయ్య నాతో తగువు పెట్టుకోలేదు, గెస్టుల్లో ఒకడిలా చూస్తూ కూర్చున్నాడు. మొదటిరోజే లైట్‌హౌసు ఎక్కుతానన్నాడు. మెలికల మెట్లు. నేను ముందు, ఆయన నా చొక్కా పట్టుకుని వెనక. పైన గాలికి మాటలు ఎగిరిపోతున్నాయి. కటకటాలు పట్టుకుని ఆయన చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ చూశాడు. కొండ, తోటలు, తీరం, అంతటి చుట్టూ సముద్రం.

"మనం తిరిగేదంతా ఇదేనా?"

"ఇదే."

"చాలా పెద్దదనుకున్నానురా నేను," అన్నాడు. మొహంలో దిగులేమీ లేదు. ఇంటి స్థలం కొలత చూసుకున్నవాడిలా తృప్తిగా ఉన్నాడు. తర్వాత కిందికి వంగి దేనికోసమో వెతికాడు. తల అటూ ఇటూ జరిగి ఒకచోట ఆగింది.

"అదిగో. బండి నీడలో గుడ్డ పరుచుకుని పడుకుంది చూడు. మొద్దు నిద్ర."

"అలిసిపోయి ఉంటుంది."

"తోల్తున్నది తను కదరా," అన్నాడు. చాలాసేపు ఆ నీడ వంకే చూశాడు. సముద్రం వైపు మళ్లీ తిరగలేదు.

నాలుగోరోజు సాయంత్రం రేవుకొచ్చాం. గెస్టులు సామాన్లు దించుకుంటున్నారు. వాళ్లలో ఒకావిడ, కూతురితో వచ్చిన మనిషి, నాలుగు రోజులూ అన్నయ్య పక్క సీట్లో కూర్చుని ఆయన చూసినవన్నీ చూసింది. నాతో, వదినతో చెప్పి, ఆయన దగ్గర ఆగింది.

"వెళ్లొస్తామండీ. మీరు కూడా ఈ పడవకేనా? టూరు మీకు బాగా నచ్చినట్టుంది."

అన్నయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చొక్కా కిందికి లాగి సర్దుకున్నాడు. అంత నిటారుగా ఆయన నిలబడ్డం ఆ సీజనంతటిలో నేను చూళ్లేదు.

"లేదమ్మా, మాది ఈ ఊరే. ఈ బండి మాదే," అన్నాడు. "డ్రైవరు గారి భర్తని."

వదిన వెనక చక్రం దగ్గర వంగి ఉంది. విననట్టు టైరును ఇంకో రెండుసార్లు కాలితో తన్ని చూసింది. మైకు తీగ చుడుతున్న నాకు ఆవిడ చెవులు ఎర్రబడడం కనిపించింది. పడవ కూత వేసింది. ఏజెంటు ఈల ఊదాడు.

"ఇద్దరూ ఎక్కండి, ఎక్కండి, వెనక బస్సు ఆగి ఉంది," అని కేకేసి, వదిన డ్రైవరు సీట్లోకి ఎగిరి కూర్చుంది.